గుండెపోటు వచ్చినవారికి ఫ్లూ టీకా ఎందుకు వేయించమంటారు?

మీ నాన్నగారికి గుండెపోటు వచ్చి, స్టెంటు వేసి నెల దాటిందని, రక్తం గడ్డకట్టకుండా చూసే యాస్పిరిన్, టికాగ్రెలార్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు క్రమం తప్పకుండా వాడుతున్నారని రాశారు. మొన్న పరీక్షకు వెళ్లినప్పుడు గుండె వైద్యులు ఫ్లూ టీకా కూడా వేయించుకోమన్నారని, జ్వరానికి వేసే టీకాకూ గుండెకూ సంబంధమేమిటో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదని, పైగా టీకాల వల్లే గుండెపోట్లు వస్తున్నాయన్న మాటలు విని నాన్నగారు వెనకాడుతున్నారని మీ ప్రశ్న సారాంశం. గుండె జబ్బుల వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్న నన్ను ఈ ప్రశ్న తరచుగా అడుగుతుంటారు. ఆసుపత్రిలో రోగి ఎదురుగా కూర్చున్న ఆ కొద్ది నిమిషాల్లో దీనికి పూర్తి సమాధానం చెప్పడం సాధ్యం కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. మీ నాన్నగారికి ఫ్లూ టీకా వేయించాలి, ఆలస్యం చేయకుండా వేయించాలి. ఆయన విషయంలో దీన్ని జ్వరం రాకుండా తీసుకునే జాగ్రత్తగా మాత్రమే చూడకండి. యాస్పిరిన్, స్టాటిన్ ఎందుకు ఇస్తున్నారో, అంటే మరో గుండెపోటు రాకుండా, ప్రాణాపాయం కలగకుండా ఉండడానికి, దీన్నీ అందుకే ఇస్తారు. అమెరికాలోని ప్రధాన గుండె వైద్య సంఘాలు గుండె జబ్బు ఉన్నవారికి ఈ టీకా వేయాలని 2006లోనే సలహా ఇచ్చాయి. యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ 2023లో గుండెపోటు చికిత్సపై వెలువరించిన మార్గదర్శకాల్లో ఈ టీకాకు మొదటి తరగతి సిఫారసు దక్కింది. ఆ మార్గదర్శకాల్లో మొదటి తరగతి అంటే, వేయకూడని కారణం ప్రత్యేకంగా ఏదైనా ఉంటే తప్ప అందరికీ వేయవలసిందే అని. నాకు బాధ కలిగించే విషయం ఏమిటంటే, ఇంత బలమైన సిఫారసు ఉన్నా, గుండెపోటు తరువాత ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చే చీటీలో మాత్రలన్నీ ఉంటాయి కానీ టీకా ఊసు చాలాసార్లు ఉండదు. మీ వైద్యులు చెప్పారంటే వారు శ్రద్ధగా పనిచేస్తున్నారనే అర్థం.

ఇక సంబంధం సంగతి. మామూలు జలుబునూ ఇన్‌ఫ్లుయెంజానూ, అంటే ఫ్లూనూ, మనం మాటల్లో కలిపేస్తుంటాం గానీ శరీరం మీద వాటి ప్రభావం ఒకటి కాదు. జలుబు చాలావరకు ముక్కుకూ గొంతుకూ పరిమితమవుతుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ శ్వాసనాళాల్లోనే పెరిగినా, దాన్ని ఎదుర్కొనేందుకు శరీరం చేసే పోరాటం ఒళ్లంతటికీ పాకుతుంది. అకస్మాత్తుగా వచ్చే తీవ్రమైన జ్వరం, ఒళ్లు నొప్పులు, లేవలేని నీరసం ఆ పోరాటానికి గుర్తులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా సుమారు 30 లక్షల నుంచి 50 లక్షల మందికి ఫ్లూ తీవ్రరూపం దాలుస్తుంది. శ్వాస సంబంధమైన సమస్యలతో 2,90,000 నుంచి 6,50,000 మంది వరకు మరణిస్తారు. ఈ లెక్కలో ఉన్నవి శ్వాస సంబంధమైన మరణాలే అన్నది గమనించండి. ఫ్లూ తగ్గుముఖం పడుతున్న దశలో గుండెపోటుతో పోయినవారి మరణ ధ్రువపత్రంలో సాధారణంగా గుండెపోటు అనే ఉంటుంది, వారం కిందట వచ్చిన జ్వరం ప్రస్తావన ఉండదు. ఫ్లూ వల్ల గుండెకు కలిగే నష్టం చాలాకాలం కనిపించకుండా ఉండిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అయితే జనాభా లెక్కలను పరిశీలించేవారికి ఇది పూర్తిగా కొత్త కాదు. ఫ్లూ ప్రబలిన వారాల్లో గుండె జబ్బు మరణాలు కూడా పెరుగుతున్నాయని గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే గుర్తించారు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1993 నుంచి 2000 వరకు శవపరీక్ష చేసిన సుమారు 35 వేల గుండె జబ్బు మరణాలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం, ఫ్లూ విజృంభించిన వారాల్లో గుండెపోటు మరణాల అవకాశం మిగతా వారాలకన్నా సుమారు 30 శాతం ఎక్కువని తేల్చింది. ఇలాంటి అధ్యయనాల మీద ఒక ఆక్షేపణ ఉంది. ఫ్లూ వచ్చే కాలమూ చలికాలమూ చాలా దేశాల్లో ఒకటే కాబట్టి, చలి వల్లనే గుండెపోట్లు పెరిగాయేమో అన్నది ఆ ఆక్షేపణ. అది న్యాయమైన సందేహమే.

ఆ సందేహాన్ని చాలావరకు తీర్చిన అధ్యయనం కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగి 2018లో వెలువడింది. దాని పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ప్రయోగశాల పరీక్షలో ఫ్లూ ఉన్నట్టు నిర్ధారణ అయి, ఆ పరీక్షకు ముందు ఏడాదిలోనో తరువాతి ఏడాదిలోనో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన సందర్భాలు 364 దొరికాయి. ఒక రోగిని మరొక రోగితో పోల్చకుండా, ప్రతి రోగినీ తనతోనే, అంటే ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారాన్ని మిగతా కాలంతో పోల్చారు. వయసు, పొగతాగే అలవాటు, మధుమేహం, కొలెస్ట్రాల్ వంటివన్నీ అదే మనిషివి కనుక ఇక్కడ అవి లెక్కను తారుమారు చేయలేవు. ఆ తొలి వారంలో 20 గుండెపోట్లు వచ్చాయి. మిగతా కాలంలో వారానికి సగటున 3.3 మాత్రమే. అంటే ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు అవకాశం సుమారు ఆరు రెట్లు పెరిగింది. ఏడు రోజులు దాటాక ఆ పెరుగుదల కనిపించలేదు. ఇతర శ్వాసకోశ వైరస్‌లతోనూ కొంత పెరుగుదల కనిపించింది గానీ ఫ్లూతో కనిపించినంత లేదు. ఆరు రెట్లు అనగానే ఫ్లూ వచ్చిన ప్రతివారికీ గుండెపోటు వస్తుందని భయపడనక్కరలేదు. ఒక్క వారంలో ఎవరికైనా ఉండే అవకాశం చాలా చిన్నది, అది ఆరింతలైనా చాలామందికి చిన్నదిగానే ఉంటుంది. కానీ మీ నాన్నగారి వంటివారికి మొదటే ఆ అవకాశం ఎక్కువ కాబట్టి, దాన్ని ఆరుతో హెచ్చవేస్తే వచ్చేది తేలిగ్గా తీసుకోదగినది కాదు.

అమెరికాలో 2010 నుంచి 2018 వరకు ఫ్లూతో ఆసుపత్రిలో చేరిన 80,261 మంది పెద్దల వివరాలు చూస్తే, 11.7 శాతం మందికి, అంటే దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి, అదే సమయంలో గుండెకు సంబంధించిన తీవ్ర సమస్య తలెత్తింది. వాటిలో ఎక్కువ భాగం గుండె వైఫల్యం (గుండె రక్తాన్ని సరిగా పంప్ చేయలేకపోవడం), గుండెకు రక్తసరఫరా తగ్గడం.

ఇదంతా శరీరంలో ఎలా జరుగుతుందో తెలిస్తే టీకా అవసరం ఇంకా స్పష్టమవుతుంది. గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకొని, దాని మీద పలచని పొర ఏర్పడి ఉంటుంది. చాలా గుండెపోట్లు నాళం మెల్లమెల్లగా పూడుకుపోవడం వల్ల కాక, ఆ పొర ఉన్నట్టుండి చిట్లి, చిట్లినచోట రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. ఫ్లూ వచ్చినప్పుడు వైరస్‌తో పోరాడేందుకు శరీరం విడుదల చేసే రసాయనాలు రక్తంతో పాటు అన్ని చోట్లకూ చేరి, కొవ్వు పేరుకున్న చోట అప్పటికే ఉన్న ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే లోలోపలి వాపును, రాజేస్తాయి. అక్కడ చేరిన రోగనిరోధక కణాలు ఆ పలచని పొరను ఇంకా బలహీనం చేస్తాయి. అదే సమయంలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు త్వరగా అతుక్కునే స్థితికి వస్తాయి, రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది, నాళాల లోపలి పొర వాటిని వ్యాకోచింపజేసే శక్తిని కొంత కోల్పోతుంది. చిట్లే ప్రమాదమూ గడ్డకట్టే ప్రమాదమూ ఒకే వారంలో పెరుగుతాయన్నమాట.

అంతటితో అయిపోలేదు. జ్వరం పెరిగేకొద్దీ గుండె వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ గుండె కండరానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. ఊపిరితిత్తుల్లో న్యుమోనియా మొదలైతే రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. సరిగా తినక, నీళ్లు తాగక, చెమటలు పట్టి ఒంట్లో నీరు తగ్గితే రక్తపోటు పడిపోతుంది. ఇలా అవసరం పెరుగుతూ సరఫరా తగ్గుతున్నప్పుడు, నాళం కొంత ఇరుకైన మనిషికి ఏ పొరా చిట్లకుండానే గుండె కండరం దెబ్బతినవచ్చు. గుండె పంపింగ్ శక్తి ముందే తగ్గినవారిలో ఈ అదనపు భారం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముదురుతుంది. చాలా అరుదుగా వైరస్ వల్ల గుండె కండరమే వాచే మయోకార్డైటిస్ కూడా వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఫ్లూ గుండెకు చెడ్డదైనంత మాత్రాన టీకా గుండెను కాపాడుతుందని చెప్పలేం. దాన్ని విడిగా నిరూపించాలి. టీకా వేయించుకున్నవారిని, వేయించుకోనివారిని పక్కపక్కన పెట్టి లెక్క చూసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం టీకా వైపే మొగ్గుతాయి. కానీ నేను వాటిని కొంత జాగ్రత్తగానే తీసుకుంటాను. ఏటా గుర్తుపెట్టుకొని టీకా వేయించుకునే మనిషి సాధారణంగా మందులూ సక్రమంగా వాడతాడు, పరీక్షలకూ వెళతాడు, పొగ మానేస్తాడు. అతను ఆరోగ్యంగా ఉన్నాడంటే ఆ ఘనత టీకాదో అతని అలవాట్లదో విడదీయడం కష్టం. అందుకే ఎవరికి టీకా, ఎవరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించి, రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపే పరీక్షలనే నేను ప్రమాణంగా తీసుకుంటాను.

అలాంటి పరీక్షల్లో మీ నాన్నగారి పరిస్థితికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది ఐఏఎంఐ అనే పరీక్ష. 2016 నుంచి 2020 వరకు స్వీడన్, డెన్మార్క్, బంగ్లాదేశ్, ఆస్ట్రేలియా సహా ఎనిమిది దేశాల్లోని 30 ఆసుపత్రుల్లో జరిగిన ఈ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఇందులో పాల్గొన్న 2,500 మందికి పైగా రోగుల్లో దాదాపు అందరూ గుండెపోటుతో ఆసుపత్రిలో చేరినవారే. యాంజియోగ్రామ్ లేదా స్టెంటు చికిత్స జరిగిన 72 గంటల లోపలే, అంటే ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే, సగం మందికి ఫ్లూ టీకా, మిగతా సగం మందికి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తరువాత చూస్తే మరణం, మళ్లీ గుండెపోటు, స్టెంటులో గడ్డకట్టడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగినవారు టీకా పొందిన వర్గంలో 5.3 శాతం, పొందని వర్గంలో 7.2 శాతం. మరణాలను మాత్రమే తీసుకుంటే 2.9 శాతం, 4.9 శాతం. వెయ్యి మందికి గుండెపోటు తరువాత ఈ టీకా వేస్తే ఏడాదిలో ఇరవై ప్రాణాలు దక్కుతాయని ఈ తేడాకు అర్థం. ఒక్క ఇంజెక్షన్‌తో ఇంత ప్రయోజనం కనిపించడం గుండె వైద్యంలో తరచుగా జరిగేది కాదు.

ఈ పరీక్షకు ఉన్న పరిమితులను కూడా చెప్పాలి. మొదట 4,400 మందిని చేర్చాలనుకున్నారు, కోవిడ్ రావడంతో ముందుగానే ఆపవలసి వచ్చింది. మళ్లీ గుండెపోటు రావడాన్ని మాత్రమే విడిగా చూస్తే 2.0, 2.4 శాతాల మధ్య తేడా యాదృచ్ఛికం కాదని చెప్పేంత పెద్దది కాదు. అందువల్ల ప్రయోజనం సరిగ్గా ఎంత అన్నదానిపై నేను కొంత సంయమనం పాటిస్తాను. ప్రయోజనం ఉందా అన్నదానిపై మాత్రం నాకు సందేహం లేదు, ఎందుకంటే అర్జెంటీనా, పోలాండ్, థాయ్‌లాండ్‌లలో అంతకుముందు జరిగిన చిన్న పరీక్షల ఫలితాలు కూడా మొత్తం మీద ఇదే దిశలో ఉన్నాయి. థాయ్‌లాండ్‌లో 439 మంది మీద జరిపిన పరీక్షలో గుండె సంబంధమైన పెద్ద ప్రమాదాలు టీకా పొందనివారిలో 19.3 శాతం ఉంటే పొందినవారిలో 9.5 శాతం ఉన్నాయి. ఇలాంటి ఆరు పరీక్షల్లోని సుమారు 9,000 మంది వివరాలను కలిపి 2022లో ప్రచురించిన విశ్లేషణలో, టీకా పొందినవారిలో ఏడాదిలోపు గుండె, రక్తనాళాల ప్రమాదాలు 3.6 శాతం, పొందనివారిలో 5.4 శాతం. ఆ విశ్లేషణలో మరో ముఖ్యమైన సంగతి ఉంది. ఇటీవలే గుండెపోటు వచ్చినవారిలో ప్రమాదం సుమారు 45 శాతం తగ్గింది. గుండె జబ్బు నిలకడగా ఉన్నవారిలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. గుండెపోటు వచ్చిన కొత్తలో ఒక నాళంలోనే కాదు, మిగతా చోట్ల పేరుకున్న కొవ్వు కూడా రెచ్చిపోయి ఉంటుంది కాబట్టి, ఆ నెలల్లో ఫ్లూను తప్పించడం వల్ల కలిగే లాభం ఎక్కువగా ఉండడం సహజమే. మీ నాన్నగారు ఇప్పుడున్నది సరిగ్గా ఆ దశలోనే. ఆలస్యం చేయవద్దని మొదట్లోనే అన్నది ఇందుకే.

గుండె వైఫల్యం ఉన్నవారి విషయం కొంచెం వేరు. ఆసియా, ఆఫ్రికా, మధ్యప్రాచ్య దేశాల్లో 5,129 మంది గుండె వైఫల్య రోగుల మీద జరిగి 2022లో వెలువడిన ఐవీవీఈ పరీక్షలో, గుండె మరణాలు, గుండెపోట్లు, పక్షవాతం, గుండె వైఫల్యంతో ఆసుపత్రి చేరికలు కలిపి చూసిన ప్రధాన ఫలితంలో నిశ్చయంగా చెప్పగల తేడా రాలేదు. అయితే న్యుమోనియా 42 శాతం తగ్గింది, అన్ని కారణాల వల్ల ఆసుపత్రిలో చేరడం 16 శాతం తగ్గింది. ఫ్లూ ముమ్మరంగా ఉన్న నెలలను మాత్రమే విడిగా తీసుకుంటే గుండె ప్రమాదాలలో కూడా తగ్గుదల కనిపించింది. ప్రధాన ఫలితం అనుకున్నట్టు రానప్పుడు ఇలాంటి ఉప ఫలితాలకు మితిమీరిన విలువ ఇవ్వకూడదన్నది పరిశోధనలో పాటించవలసిన నియమం. అయినా, న్యుమోనియా వస్తే గుండె వైఫల్య రోగి ఎంత త్వరగా క్షీణిస్తారో చూసిన వైద్యుడిగా, ఆ ఒక్క తగ్గుదల కోసమైనా వారికి టీకా వేయించాలనే నేను చెబుతాను. మోతాదు పెంచిన టీకా ఇంకా మంచిదా అని కూడా అడుగుతుంటారు. గుండె జబ్బుతో ఇటీవల ఆసుపత్రిలో చేరిన 5,260 మంది మీద అమెరికా, కెనడాల్లో జరిపిన పరీక్షలో అధిక మోతాదు టీకాకూ మామూలు టీకాకూ మధ్య మరణాల్లోనూ ఆసుపత్రి చేరికల్లోనూ గణనీయమైన తేడా కనిపించలేదు. కాబట్టి అధిక మోతాదు టీకా దొరికేదాకా ఆగుదామని కాలయాపన చేయవద్దు. అందుబాటులో ఉన్నది వేయించండి.

టీకా వల్లే గుండెపోట్లు వస్తున్నాయన్న మాటకు జవాబు కూడా పరిశోధనల్లోనే ఉంది. బ్రిటన్‌లో లక్షలాది మంది వైద్య రికార్డుల ఆధారంగా 2004లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనం, ఒకే మనిషి జీవితంలోని వేర్వేరు కాలాలను పోల్చే పద్ధతిలోనే జరిగింది. తీవ్రమైన శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ వచ్చిన మొదటి మూడు రోజుల్లో గుండెపోటు అవకాశం దాదాపు ఐదు రెట్లు, పక్షవాతం అవకాశం మూడు రెట్లకు పైగా పెరిగాయి. అదే అధ్యయనంలో ఫ్లూ టీకా వేసిన తరువాతి రోజులను కూడా చూశారు. గుండెపోట్లు గానీ పక్షవాతం గానీ పెరగలేదు. పైన చెప్పిన ఐఏఎంఐ పరీక్షలో గుండెపోటు వచ్చిన మూడు రోజుల్లోపే, అంటే గుండె అన్నిటికన్నా బలహీనంగా ఉన్న సమయంలో, టీకా వేసినా నష్టం జరగలేదు సరికదా మరణాలు తగ్గాయి. కొన్ని రకాల కోవిడ్ టీకాల తరువాత, ముఖ్యంగా యువకుల్లో, అరుదుగా గుండె కండరం వాచిన మాట వాస్తవం. అవి ఎంఆర్‌ఎన్‌ఏ అనే వేరే పద్ధతిలో తయారైనవి. మీ నాన్నగారికి ఇచ్చే మామూలు ఫ్లూ టీకాలో ఉండేది చంపిన వైరస్ భాగాలు లేదా వైరస్ పైపొరలోని ప్రొటీను. దానివల్ల ఫ్లూ రావడం అసాధ్యం. రెండింటినీ కలిపి మాట్లాడడం వల్ల పుట్టిన భయం ఇది. నాన్నగారిని తప్పుపట్టకుండా, ఈ తేడాను నిదానంగా వివరించి చెప్పండి. భయపడే మనిషికి మందలింపు కన్నా వివరణే పనిచేస్తుంది.

ఇది నా అనుభవం మాత్రమే కాదు. డెన్మార్క్‌లో 2022-23 ఫ్లూ కాలానికి ముందు అరవై ఐదేళ్లు దాటిన 9,60,000 మందికి పైగా ప్రజలకు ప్రభుత్వ ఎలక్ట్రానిక్ లేఖల ద్వారా టీకా గురించి రకరకాలుగా చెప్పి చూశారు. అన్ని రకాల లేఖల్లో, ఈ టీకా గుండెకు కూడా మేలు చేయవచ్చని వివరించిన లేఖ అందుకున్నవారే ఎక్కువగా ముందుకు వచ్చారు. లేఖ అందనివారిలో 80.12 శాతం మంది టీకా వేయించుకుంటే వీరిలో 81 శాతం మంది వేయించుకున్నారు. తేడా చిన్నదే అయినా, ఒక లేఖతో లక్షల మందిలో వచ్చే మార్పుగా చూస్తే అది విలువైనదే. చికిత్స చేసే వైద్యుడే ఎదురుగా కూర్చొని ఈ మాట చెబితే ప్రభావం ఇంకా ఎక్కువ ఉంటుందని నా నమ్మకం.

రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు కదా, ఇంజెక్షన్ వేయవచ్చా అని కూడా అడిగారు. వేయవచ్చు. యాస్పిరిన్, టికాగ్రెలార్‌లను ఒక్క పూట కూడా ఆపకూడదు. కొత్తగా స్టెంటు వేసిన మనిషి వాటిని ఆపితే స్టెంటులో గడ్డకట్టే ప్రమాదం టీకా విషయంలో ఊహించగల ఏ ఇబ్బందికన్నా ఎన్నో రెట్లు పెద్దది. టీకా వేసే నర్సుకు ఈ మాత్రల సంగతి ముందే చెప్పండి. సన్నని సూది వాడి, వేసినచోట రుద్దకుండా కనీసం రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు. రక్తం పలచబరిచే మరో మందు వార్ఫరిన్ వాడేవారైతే, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష విలువ అదుపులో ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు స్వల్ప జ్వరం, ఒళ్లు నొప్పులు రావడం సాధారణం. అవి వాటంతట అవే పోతాయి. గిలియన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు ఈ టీకా తరువాత పది లక్షల మందిలో ఒకరిద్దరికి అదనంగా రావచ్చని అంచనా, అయితే ఫ్లూ జబ్బు వల్ల కూడా అది వస్తుంది. ఇంతకుముందు ఫ్లూ టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటేనో, టీకా తరువాత ఆరు వారాల్లో ఆ నరాల జబ్బు వచ్చి ఉంటేనో తప్పక ముందుగా వైద్యులతో మాట్లాడాలి. గుడ్డు పడనివారికి ఈ టీకా వేయకూడదన్న పాత అభిప్రాయం ఇప్పుడు లేదు. ముక్కులో కొట్టే ఫ్లూ టీకా మాత్రం బతికి ఉన్న, బలహీనపరచిన వైరస్‌తో చేసినది కనుక గుండె జబ్బు ఉన్నవారికి అది కాకుండా ఇంజెక్షన్ రూపంలో ఉన్నదే తీసుకోవాలి.

టీకా పనిచేయడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. వైరస్ ఏటా రూపు మార్చుకుంటుంది, మన శరీరంలోని రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు, ఉత్తరార్ధ గోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధ గోళానికి సెప్టెంబరులో, రాబోయే కాలానికి టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది. మీ ప్రాంతంలో ఫ్లూ ఎప్పుడు ముమ్మరమవుతుందో దానికి కొన్ని వారాల ముందు వేయించుకోవడం ఉత్తమం, కానీ గుండెపోటు ఇటీవలే వచ్చిన వ్యక్తి విషయంలో సరైన నెల కోసం లెక్కలు వేయడం కన్నా అందుబాటులో ఉన్న తాజా టీకాను వెంటనే తీసుకోవడమే మంచిదని నా సలహా. టీకాలోని రకాలు ఆ ఏడాది వైరస్‌తో బాగా సరిపోయినప్పుడు కూడా, జబ్బుతో వైద్యుని దగ్గరికి వెళ్లవలసిన అవసరం తగ్గేది 40 నుంచి 60 శాతం వరకే. కాబట్టి ఇంట్లో ఆయనతో కలిసి ఉండేవారందరూ వేయించుకుంటే ఆయనకు ఫ్లూ సోకే దారులు ఇంకా తగ్గుతాయి. ఇంతకుముందు న్యుమోనియా కలిగించే ఒక బ్యాక్టీరియా నుంచి కాపాడే న్యుమోకాకల్ టీకా తీసుకోకపోతే దాని గురించి కూడా అదే సందర్శనలో అడగండి.

టీకా వేయించుకున్నాక కూడా ఫ్లూ వస్తే కంగారుపడవద్దు, తేలిగ్గానూ తీసుకోవద్దు. జ్వరం మొదలైన 48 గంటల్లోపు వైద్యుణ్ని కలిస్తే ఒసెల్టామివిర్ వంటి యాంటీవైరల్ మందు ఎక్కువ ఉపయోగపడుతుంది. గుండె మాత్రలేవీ సొంతంగా ఆపకండి. వాంతులు, విరేచనాలు అవుతున్నా, ఏమీ తాగలేకపోతున్నా మూత్రం జారీ చేసే మాత్రల మోతాదు మార్చాలేమో ఫోన్ చేసి అడగండి. జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ వాడవచ్చు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి గుండెపోటు వచ్చినవారు మామూలుగానే వాడకూడదు. శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్ ఉన్న రోజుల్లో వాటిని వాడినవారిలో గుండెపోటు అవకాశం ఇంకా ఎక్కువగా ఉన్నట్టు తైవాన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం చూపింది. ముక్కు దిబ్బడకు దుకాణాల్లో దొరికే సూడోఎఫెడ్రిన్ కలిసిన మాత్రలు రక్తపోటునూ గుండె వేగాన్నీ పెంచుతాయి కాబట్టి వాటి జోలికి పోవద్దు. ఫ్లూ వచ్చిన వారం రోజుల్లో ఛాతీలో బరువుగా ఉన్నా, నొప్పి చేతికో దవడకో పాకినా, పడుకుంటే ఆయాసం ఎక్కువైనా, ఒక్కసారిగా చెమటలు పట్టి స్పృహ తప్పుతున్నట్టున్నా, జ్వరం వల్లనే అయి ఉంటుందిలే అనుకొని ఇంట్లో ఉండకుండా అంబులెన్స్ పిలిచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, స్టెంటు వేసిన సంగతీ వాడుతున్న మాత్రల పేర్లూ అక్కడ ముందుగా చెప్పండి.